అపారం అనే మాట మీద ఒక పంచనామా

ఈమధ్య మహారాష్ట్రలోని మా సిరొంచ తాలూకాలో అపారం అంటే బడి కాగితం. "మీవాడి అపార్ అయిందా?" అని ఒకరు అడిగితే, "ఎక్కడ, పేరు కలుస్తలేదంట" అని ఇంకొకరు వాపోతున్నారు. దేశంలో బడికెళ్ళే పిల్లలందరికీ కేంద్రప్రభుత్వం ఇస్తున్న గుర్తింపు సంఖ్య ఇది. ఆటోమేటెడ్ పర్మనెంట్ అకడమిక్ అకౌంట్ రిజిస్ట్రీ అనే పేరులోంచి మొదటి అక్షరాలు ఏరి అపార్ అన్నారు. నాకైతే ముందు ఆ మాట మీద ముచ్చటపడి, తర్వాత దానికి సరిపోయే ఇంగ్లిషు ముక్కలు వెతుక్కున్నారేమోనని అనుమానం. సరే, పేరు ఎవరిష్టం వారిది. సంఖ్య పొడవు మాత్రం 12 అంకెలు. ఎన్ని తిప్పలు పడ్డా 12 అంకెలతో లక్ష కోట్లకు మించి సంఖ్యలు పుట్టవు. అపారానికి గట్టు అక్కడే ఉంది.

పేరు ఎందుకు కలవదంటే, మా ఇళ్ళలో ఇంటిపేరు ముందు వస్తుంది. మరాఠీ దరఖాస్తులో ముందు పిల్లవాడి పేరు, తర్వాత తండ్రి పేరు, చివర ఆడనావ్, అంటే ఇంటిపేరు. ఆధార్‌లో ఒక వరస, బడి రిజిస్టరులో ఇంకో వరస. తెలుగు పేరును దేవనాగరిలో రాసి, దాన్ని మళ్ళీ ఇంగ్లిషులోకి మారిస్తే ఒత్తులు ఎగిరిపోతాయి, దీర్ఘాలు కుంటుతాయి. బడిలో చదువు మరాఠీ, ఇంట్లో మాట తెలుగు, కార్డు మీద ఇంగ్లిషు. మూడింటిలో ఒక్క అక్షరం తేడా వచ్చినా అపార్ ఆగిపోతుంది. ఇది పెద్ద కష్టమేమీ కాదు, నాలుగుసార్లు తిరిగితే సర్దుకుంటుంది. కానీ ఆ తిరుగుడులోనే నాకు ఈ మాట మీద పట్టు పెరిగింది. ఇంత పెద్ద మాటను మనం ఇంత తేలిగ్గా ఎట్లా వాడేస్తున్నాం అని.

సంస్కృతంలో పారం అంటే అవతలి ఒడ్డు. ఇవతలి ఒడ్డుకు అవారం అని వేరే పేరుంది. రెండు ఒడ్లూ ఉన్నది కాబట్టి సముద్రాన్ని పారావారం అన్నారు. ఆ రెండు ఒడ్ల నడుమ ఉన్న చోటు పాత్రం. మనం నదీపాత్ర అనేది అదే, ఇక్కడ మరాఠీవాళ్ళు నదీపాత్ర్ అనేదీ అదే. ఒక విద్యలో అవతలి ఒడ్డు చేరినవాడు పారంగతుడు. అవతలి ఒడ్డు లేనిది అపారం. సముద్రాన్ని రెండు ఒడ్లున్నదనీ అన్నారు, ఒడ్డు లేనిదనీ అన్నారు. ఇందులో వైరుధ్యం ఏమీ లేదని నా ఉద్దేశం. ఓడలో తిరిగినవాడు పారావారం అన్నాడు, ఇసుకలో నిలబడి చూసినవాడు అపారం అన్నాడు. ఈ సంగతికి వ్యాకరణంలో ఆధారం ఉందని నేననను, కానీ నది ఒడ్డున పుట్టినవాణ్ణి కాబట్టి అట్లాగే తోస్తుంది.

అచ్చతెలుగులో దీనికి దరిలేని అనే మాట ఉంది. దరి అన్నా ఒడ్డే. దరి చేరడం, దరిదాపుల్లో ఉండడం, దరీ అంతూ లేకపోవడం అన్నీ నీటి పక్కన పుట్టిన మాటలే. అంతు వేరు. అంతులేనిది అంటే చివర లేనిది; నడుస్తూ పోతే ఎప్పటికీ ఆగనిది. అంతు చూస్తా అని తిట్టుకునేటప్పుడు కూడా మనవాళ్ళు చివర ఉందనే నమ్మకంతోనే తిట్టుకుంటారు. అమితం కొలతకు లొంగనిది. అసీమం సరిహద్దు లేనిది. నిరవధికం గడువు లేనిది. ఎల్లలు లేనిదాన్ని ఊరి పొలిమేరతో కొలిచి చెప్పారు, హద్దు లేనిదాన్ని అరబ్బీనుంచి వచ్చిన హద్దుతో చెప్పారు. ఒక్కో మాట ఒక్కో రకం కంచెను తీసేస్తుంది. మరాఠీలో అథాంగ్ అని ఇంకోటుంది, అడుగు అందనిది. దాంట్లో ఒడ్డు ఊసు లేదు, లోతు భయమే ఉంది. వీటన్నిటినీ ఒకదాని బదులు ఇంకోటి వాడేసుకోవచ్చన్నట్టు మనం రాస్తాం. నాకు అభ్యంతరం అక్కడే మొదలవుతుంది.

మిగతా మాటల్లో లేనిదీ అపారంలో ఉన్నదీ ఒకటుంది. అది చెప్పేవాణ్ణి పట్టిస్తుంది. అవతలి ఒడ్డు లేదంటున్నావంటే నువ్వు ఇవతలి ఒడ్డున ఉన్నావన్నమాట. ఎక్కడ నిలబడ్డావు, ఎంతసేపు చూశావు, పొద్దునా, మంచులోనా? ఈ ప్రశ్నలు అనంతం అన్నవాణ్ణి అడగలేం. అపారం అన్నవాణ్ణి అడగొచ్చు.

మా తాలూకాకు మూడు దిక్కులా నది. పడమర ప్రాణహిత, దక్షిణాన గోదావరి, తూర్పున ఇంద్రావతి. ప్రాణహిత గోదావరిలో కలిసేచోట అవతల కాళేశ్వరం, ఇవతల మేం. 1860లో నిజాం ఎడమగట్టు తాలూకాలను బ్రిటిష్ వాళ్ళకు అప్పగించాక ఈ నీళ్ళే సరిహద్దు అయ్యాయి. తర్వాత చాందా జిల్లా అన్నారు, బొంబాయి రాష్ట్రం అన్నారు, 1960 నుంచి మహారాష్ట్ర, 1982 నుంచి గడ్చిరోలి జిల్లా. పేర్లు మారాయి గానీ మా పెళ్ళిళ్ళు మాత్రం గంగవతలే. గోదావరిని మేం గంగ అంటాం. మా అమ్మ పుట్టిల్లు మహదేవపూర్ వైపు. గంగవతల అనే మాట మా ఇళ్ళలో అత్తగారిల్లు, ఆసుపత్రి, సినిమా, అప్పు, అన్నిటికీ చిరునామా. 2016లో వంతెన మీద రాకపోకలు మొదలయ్యేదాకా పడవలే. ఎండాకాలం ఇసుకలో నడక, వానాకాలం పడవ ఆగితే ఆగినట్టే.

పడవ నడిపిన ముసలాయన ఒకరు, నేను కాకా అని పిలిచేవాణ్ణి, ఈ మాట మీద నాతో ఒకసారి అన్నది ఇది: "గంగకు దరి లేదని పాట కట్టెటోడు పడవ ఎక్కనోడేరా. మాకు రోజూ దరి కనవడాలె. కనవడకపోతె పడవ ఇప్పం." వరద ఉన్న రోజు ఆయన అవతలి ఒడ్డు మీది ఒక రావిచెట్టును చూసి నీళ్ళు ఎంత ఎక్కాయో చెప్పేవాడు. చెట్టు మొదలు మునిగితే ఒక మాట, కొమ్మ తాకితే ఇంకో మాట. పాట కట్టినవాళ్ళ మీద నాకు కోపం లేదు. కానీ నది పక్క బతికేవాళ్ళు దాన్ని అపారం అనరు. ఒడ్డు ఎంత దూరముందో తెలుసుకోవడమే వాళ్ళ పని.

2022 జూలై వరద గుర్తున్నవాళ్ళు ఇది చదువుతూ ఉంటే వాళ్ళకు చెప్పక్కర్లేదు. ప్రాణహిత, గోదావరి రెండూ ఒక్కసారి వచ్చాయి. మా వైపు ఎన్నో ఊళ్ళు ఖాళీ చేయించారు. కింద భద్రాచలం దగ్గర జూలై 16న నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986లో 75.6 అడుగులు వచ్చింది, అదే రికార్డు. ఆ ఊళ్ళో 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అడుగు ఎప్పుడు దాటిందో చూసి జనాన్ని లేపుతారు. అక్కడ ఎవరూ అపారంగా నీళ్ళొస్తున్నాయి పరుగెత్తండి అనరు. అన్నా ఎవరు కదులుతారు? యాభై మూడు దాటింది అంటే మాత్రం మూటలు కట్టేస్తారు.

వరద తీసిన మర్నాటి నుంచి పేపర్లలో, ఫోన్లలో అపార నష్టం అనే మాట వాన కంటే జోరుగా కురిసింది. రైతులకు అపార నష్టం, పంటలకు అపార నష్టం, అపారమైన ఆస్తి నష్టం. మా బావ, గంగవతల ఉంటాడు, చదువుకున్నవాడు, మంచి మనసున్నవాడు, మా ఊరి పొలాల ఫొటోలు పెట్టి కింద అపార నష్టం అని రాశాడు. నేను ఫోన్ చేసి అడిగాను.

"బావా, ఆ ఫొటోలో ఉన్నది మన సాయిగాళ్ళ చేను. రెండెకరాల పది గుంటలు. దాంట్లో ఎకరంన్నర ఇసుక మేట పడ్డది. అపారం అని ఎందుకు రాసినవ్?"

"అరే, గట్ల రాస్తెనే కదా చదివెటోనికి బాధ తెలిసేది."

"చదివెటోనికి సరే. తలాఠీకి?"

బావ నవ్వాడు గానీ జవాబు చెప్పలేదు. తలాఠీ అంటే మా దగ్గర ఊరి రెవెన్యూ లెక్కలు చూసే ఉద్యోగి. పంట పోతే ఆయన వచ్చి పంచనామా రాయాలి. ఏ గట్ నంబరు (అంటే చేను సర్వే నంబరు), సాత్‌బారా అనే భూమి రికార్డులో ఎవరి పేరు, ఎంత విస్తీర్ణం, ఏ పంట, ఎంత శాతం పోయింది. విపత్తు సాయం నిబంధన ప్రకారం పంట 33 శాతం లేదా అంతకన్నా ఎక్కువ పోతేనే రైతు లెక్కలోకి వస్తాడు. 32 శాతం పోయినవాడు రాడు. పంట నష్టానికి ఇచ్చే సాయం కూడా రెండు హెక్టార్ల దాకానే అని చాలాకాలం నిబంధన. ఆ కాగితం మీద అపారం అనే గడి లేదు. ఉన్నదల్లా హెక్టారు, దాంట్లో నూరో వంతైన ఆర్. ఎకరాలూ గుంటల్లో ఆలోచించే మా రైతులకు అది మొదట్లో తికమకగా ఉంటుంది గానీ, గుంటా ఆర్ దాదాపు ఒకటే కాబట్టి అలవాటు పడతారు.

ఆ ఏడు నేను చూసింది చెబుతాను. మా ఊళ్ళో ఇద్దరు రైతులు, పక్కపక్క చేలు, ఇద్దరివీ మిరప మళ్ళు. ఒకాయన వచ్చిన ప్రతి అధికారి ముందూ చేతులు జోడించి "అంతా పోయింది సార్, మొత్తం పోయింది, చెప్పలేనంత పోయింది" అన్నాడు. అది నిజం. ఇంకొకామె, ఆయనకు వదిన వరస, చదువు లేదు, అయినా కొడుకుతో నోటుబుక్కులో రాయించి పెట్టింది. నారు ఎప్పుడు పోశారు, ఎంతమంది కూలీలు, ఎన్ని బస్తాల ఎరువు, మేట ఏ గట్టు నుంచి ఏ గట్టుదాకా, ఎన్ని బెత్తెల మందం. ఆమె పంచనామా అరగంటలో అయిపోయింది. ఆయనది "నిలువు పంట కొంత మిగిలినట్లు కనబడుతోంది" అని రాసుకుని వెళ్ళారు. తర్వాత ఆయన ఎన్నిసార్లు తిరిగాడో నాకు తెలుసు. ఆఫీసును తప్పుపట్టడం తేలిక, తప్పు అక్కడ లేదనీ అనను. కానీ చెప్పలేనంత అని మనమే అన్నాక, చెప్పినంతే రాసుకుంటారు కదా.

దుఃఖం పెద్దదని చెప్పడానికి పెద్ద మాట వాడతాం. ఆ పెద్ద మాటే ఎదుటివాడికి తప్పించుకునే సందు అవుతోంది. అపార నష్టం అని వేదిక మీద మంత్రి అన్నా, పేపరు రాసినా, అందులో తీర్చే బాధ్యత ఎంతో ఎవరూ చెప్పలేదన్నమాటే. ఒడ్డు లేనిదాన్ని ఎవరు దాటిస్తారు? అదే "ఈ తాలూకాలో ఇన్ని హెక్టార్లు" అని ఒక్కసారి నోరు జారితే, ఆ అంకె జీవితాంతం వెంటాడుతుంది. అందుకే కాబోలు బాధ్యతున్నవాళ్ళకు అపారం అంటే అంత ప్రీతి.

గోదావరి మీద తెలంగాణ కట్టిన మేడిగడ్డ బ్యారేజీ సంగతి కూడా ఇట్లాంటిదే. 2016 ఆగస్టు 23న రెండు రాష్ట్రాలూ ముంబైలో ఒప్పందం రాసుకున్నప్పుడు అసలు పేచీ ఒక అంకె మీద. బ్యారేజీ పూర్తి నీటిమట్టం 102 మీటర్లా, 100 మీటర్లా? 100 దగ్గర తెగింది. ఆ రెండు మీటర్లలో ఎవరి పొలం మునుగుతుంది, ఎవరిది తేలుతుంది అన్నది ఇవతలి ఊళ్ళకు ప్రాణసమస్య. 1.6 కిలోమీటర్ల పైచిలుకు పొడవు, 85 గేట్లు, 2019 జూన్ 21న ప్రారంభం. అప్పుడు వేదికల మీద విన్న విశేషణాలు గుర్తు చేసుకుంటే అన్నీ అవధి లేనివే. 2023 అక్టోబరు 21న కొన్ని పిల్లర్లు కుంగాయి. కుంగింది ఎన్ని అడుగులని ఇంజనీర్లు కొలిచారు, అదీ వాళ్ళ పద్ధతి. వెనక నీళ్ళతో పొలాలు దెబ్బతిన్నాయని మా వైపు రైతులు పరిహారం అడిగినప్పుడూ హెక్టార్లతోనే అడిగారు. ఆ ఉద్యమంలో నాకు నచ్చిన సంగతి అది. ఉపోషణ్ (నిరాహారదీక్ష) పందిరి మీద బ్యానరులో కూడా లెక్కే రాశారు.

అన్నట్టు, తెలుగు పేపరు నిరవధిక దీక్ష అన్నదాన్ని మరాఠీ పేపరు బేముదత్ ఉపోషణ్ అంటుంది. ముదత్ అంటే గడువు. ఆ మాటలో అతి లేదు. ఎన్నాళ్ళో చెప్పలేదు, అంతే. అట్లా వాడితే నాకు పేచీ లేదు. అసెంబ్లీని నిరవధికంగా వాయిదా వేస్తే కూడా అర్థం స్పష్టమే.

ఫోన్ రీఛార్జిల అన్‌లిమిటెడ్ గురించి ఇక్కడ రాయాలనుకున్నాను గానీ, రోజుకు 2 జీబీ దాటగానే నత్తనడక అయ్యే ఆ అపారం గురించి మీ అందరికీ నాకంటే ఎక్కువ తెలుసు.

ఇంత చెబితే మా ఊరి తెలుగు పంతులుగారు, రిటైరయ్యారు, మరాఠీ బడిలో లెక్కలు చెప్పి ఇంట్లో పద్యాలు చదువుకునే మనిషి, ఒప్పుకోరు. "అతిశయోక్తి లేకపోతే భాష ఎండిపోతుందోయ్. తల్లి ప్రేమను కూడా హెక్టార్లలో రాయమంటావా?" అంటారు. రాయమనను. తల్లి ప్రేమ దగ్గర నేను ఇవతలి ఒడ్డున నిలబడి చూశాను, అవతల కనబడలేదు. అక్కడ అపారం అంటే అబద్ధం లేదు. దేవుడి మాటకొస్తే అసలు ఆ మాట పుట్టిందే అక్కడ అనుకోవచ్చు. భాద్రపద శుద్ధ చతుర్దశినాడు అనంత వ్రతం చేసేవాళ్ళు తోరానికి 14 ముడులు వేస్తారు. మహారాష్ట్రలో వినాయకుడి నిమజ్జనం కూడా ఆ రోజే, ఊరంతా డప్పులు. అనంతుడికి కట్టే దారానికి 14 అని లెక్క పెట్టిన పూర్వులు నాకు చాలా ఇష్టం. కొలతకందనిదాన్ని పట్టుకోవడానికి కూడా ఒక కొలత ఉన్న వస్తువు కావాలని వాళ్ళకు తెలుసు.

లెక్కలు తెలిసినవాళ్ళయితే ఈ విషయంలో మనకంటే చాలా జాగ్రత్తపరులు. పన్నెండో శతాబ్దంలో భాస్కరాచార్యుడు, ఒక సంఖ్యను సున్నాతో భాగిస్తే వచ్చేదానికి ఖహరం అని పేరు పెట్టి, దానికి ఎంత కలిపినా ఎంత తీసినా మార్పు రాదన్నాడు. ప్రళయంలో ప్రాణులన్నీ లోపలికి వెళ్ళినా, సృష్టిలో బయటికి వచ్చినా మారని అనంతుడైన అచ్యుతుడితో పోల్చాడు. ఇవాళ్టి గణితం సున్నాతో భాగహారాన్ని అట్లా ఒప్పుకోదు. కానీ ఆయన అనంతం అని ఊరుకోలేదు, కలిపితే ఏమవుతుంది, తీస్తే ఏమవుతుంది అని పరీక్షించాడు. 1874లో జర్మనీలో కాంటర్ ఇంకా దూరం పోయాడు. అనంతాలన్నీ ఒక్క పరిమాణం కావన్నాడు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ పోయే అనంతం కంటే, ఒక గీత మీద ఉన్న బిందువుల అనంతం పెద్దదని నిరూపించాడు. పంతులుగారికి ఇది చెబితే కాసేపు ఆలోచించి, "అయితే అనంతానికి కూడా గట్టు పంచాయితీ ఉందన్నమాట" అన్నారు. ఆయన ఓడిపోయినట్టు ఒప్పుకోరు గానీ, ఆ రోజు టీ ఆయనే తాగించారు.

నాకు అసలు చిరాకు పుట్టించేది కవులూ కాదు, భక్తులూ కాదు. సన్మానపత్రాలు. అపార అనుభవం, అపార మేధస్సు, అపార సేవ. ఒకాయన ముప్ఫైనాలుగేళ్ళు ఒకే బడిలో పనిచేశాడు, ఎండాకాలంలో కూడా పిల్లల్ని పిలిచి ఎక్కాలు నేర్పాడు. ముప్ఫైనాలుగేళ్ళు అని రాస్తే చాలు, చదివినవాళ్ళు తలెత్తి చూస్తారు. అపార అనుభవం అని రాసేసరికి ఆయనా, రెండేళ్ళు చేసి బదిలీ అయిన ఆయనా ఒక్కటైపోయారు. తెలుగు సభలకు అవతలి నుంచి వచ్చే అతిథులు ఇంకోటి అంటారు, భాషకు ఎల్లలు లేవని. చప్పట్లు పడతాయి. నేనూ కొడతాను, మర్యాద కోసం. భాషకు ఎల్లలున్నాయి సార్. మా పిల్లలు తెలుగులో అన్నం అడుగుతారు, తెలుగులో కొట్లాడుకుంటారు, తెలుగు అక్షరం చదవలేరు. ఆ ఎల్ల ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలిస్తే కదా, ఎవరైనా ఒక వాచకమైనా పంపేది. లేదని చెప్పి వెళ్ళిపోతే పంపాల్సిన పని ఉండదు.

ఇక జనం. 2022 ఏప్రిల్ 13 నుంచి 24 దాకా ప్రాణహిత పుష్కరాలు జరిగాయి. మా వైపు ఘాట్లకు మూడు రాష్ట్రాల నుంచి వచ్చారు. ఆ పన్నెండు రోజులూ వినబడిన మాట అపార జనసందోహం. జనం వస్తే సంతోషమే. కానీ 2015 జూలై 14న గోదావరి పుష్కరాల మొదటి పొద్దునే రాజమండ్రి పుష్కర ఘాటులో తొక్కిసలాట జరిగి పాతికమందికి పైగా చనిపోయారు. అక్కడ మెట్లకు పొడవుంది, గేటుకు వెడల్పుంది, లోపల ఎంతమంది పడతారన్నదానికి ఒక అంకె ఉండి తీరాలి. అపారం అనే మాటకు నేను నిజంగా భయపడేది ఇక్కడే. నష్టం విషయంలో అది డబ్బు పోగొడుతుంది, సన్మానంలో అర్థం పోగొడుతుంది, ఘాటు దగ్గర ప్రాణాలు తీస్తుంది.

2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు. అవతల కాళేశ్వరం, ఇవతల మేం, మధ్యలో వంతెన ఉంది కాబట్టి ఈసారి రద్దీ రెండు ఒడ్లకూ ఒకేసారి వస్తుంది. ఒక్కో ఘాటు పొడవెంత, గంటకు ఎంతమంది దిగి ఎక్కగలరు, లోపలికి వెళ్ళే దారీ బయటికొచ్చే దారీ వేరువేరా, కార్లు ఎక్కడ ఆపాలి, ఈ నాలుగూ పెద్ద అక్షరాలతో బోర్డు రాసి ముందే పెట్టమని మా ఊరి గ్రామసభలో అడిగాం. తెలుగులో ఒకటి, మరాఠీలో ఒకటి. ఘాటు కొలవడానికి మనిషిని పంపుతామన్నారు. వానలు తగ్గాక అన్నారు.